మన ఇంటి అలుకు

చలిదేశములవారు ఇంటినేలకు కొయ్యపలకలు పరచి, అవి మాసినపుడు చిత్రికపట్టి నూనెపూత పూయుదురు. తీర్థమలై కొండనీడలో మన పెద్దలది మట్టినేల. దానిని దిమ్మిసతో గట్టిచేసి, పగుళ్లకు ఎఱ్ఱమన్ను మెత్తి, ఆవుపేడనీటితో అలికి ముగ్గులు పెట్టెడివారు.

1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు టిప్పుసుల్తాను చేతినుండి ఆంగ్లేయుల వశమైనది. 1965లో సేలమునుండి ధర్మపురి జిల్లా వేరైనది. పాలనలు మారినను అలుకు మన స్త్రీల చేతులలో నిలిచినది. దానిని మాన్పించినది సిమెంటు.

పొరుగున తమిళులు 'మెళుగుదల్' అను పనినే మనము 'అలుకుట' అందుము. పని పోయినచో మాటయు పోవును. 'ఇల్లలుకగానే పండుగ కాదు' అను సామెత మన బిడ్డలకు అర్థము కాకపోవును. పండుగనాడు వాకిలినైనను అలికి, ఆ మాటను వారిచేత పలికింతము.