నీళ్లు తోడితే నేల ఎంత కుంగింది? ఆకాశం నుంచి తీసిన లెక్క

బోర్లు ఎక్కువైతే నేల కుంగుతుందని అంటుంటారు. ఎంత కుంగిందో ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు? ఆ చరిత్ర రైతులు తెలుసుకోవాల్సిందే.

1991 జులైలో యూరప్ దేశాలు ఈఆర్ఎస్-1 అనే ఉపగ్రహాన్ని పంపాయి. అది సుమారు 780 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగాలు కిందికి వదిలి, తిరిగొచ్చిన వాటిని నమోదు చేసేది. మబ్బు పట్టినా, రాత్రయినా దానికి అడ్డు లేదు. ఒకే చోటును రెండుసార్లు చూసి ఆ రెండింటినీ పోలిస్తే, ఈలోగా నేల ఉపగ్రహానికి దగ్గరైందో దూరమైందో తెలుస్తుంది. ఆ తేడాను రంగు చారలుగా చూపిస్తారు. ఒక్కో చార సుమారు 2.8 సెంటీమీటర్లు. రాడార్ ఏటవాలుగా చూస్తుంది కాబట్టి, నేల కిందికి దిగిందా పక్కకి జరిగిందా తేల్చాలంటే రెండు వైపుల నుంచీ చూడాలి.

1992 జూన్ 28న కాలిఫోర్నియాలోని లాండర్స్‌లో 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. పగులు చుట్టూ నేల ఎలా కదిలిందో ఫ్రాన్స్‌కు చెందిన దిదియే మాసొనే బృందం 1993లో ఈ చారల పటంగా చూపించింది. అంతకు ముందు మనుషులు పరికరాలు మోసుకుని చోటు చోటుకీ తిరిగి కొలవాల్సి వచ్చేది.

ఇక మనకు కావాల్సిన కథ స్పెయిన్‌లోది. మూర్సియా ప్రాంతంలో లోర్కా అనే ఊరుంది. వానలు తక్కువ, కూరగాయల సాగు ఎక్కువ. 1960 నుంచి 2010 లోపు అక్కడ భూగర్భ జలం 250 మీటర్లు పడిపోయింది. మన లెక్కలో 820 అడుగులు! నీళ్లు పోయిన మట్టి పొరలు అణిగిపోయి, కొన్నిచోట్ల ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా నేల కుంగుతోందని రాడార్ చూపించింది.

పక్కనే అల్హామా దె మూర్సియా అనే పగులు ఉంది. 2011 మే 11న అక్కడ 5.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. తీవ్రత పెద్దది కాదు గానీ, లోతు తక్కువ, ఊరికి దగ్గర. 9 మంది చనిపోయారు.

పాబ్లో గొంజాలెజ్ బృందం ఉపగ్రహ లెక్కలతో 2012లో ఒక విషయం చెప్పింది. అన్ని నీళ్లు తోడేసరికి పైన బరువు తగ్గి, లోపలి రాతి మీద ఒత్తిడి మారింది. పైన మట్టి కుంగుతుంటే లోపల రాయి పైకి తేలాలని చూస్తుందన్నమాట. పగులు జారిన తీరు ఆ మార్పుకి సరిపోయింది. అయితే పగులులో బలం పేరుకున్నది భూమి సహజ కదలిక వల్లే. నీళ్లు తోడటం దానికి తోడైంది.

మన బోర్ల వల్ల భూకంపాలొస్తాయని నేను అనడం లేదు. లోర్కాలో పక్కనే కదిలే పగులు ఉంది. కానీ నీళ్లు తోడితే నేల అణగడం మాత్రం మట్టిని బట్టి ఎక్కడైనా జరగొచ్చు. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే నైసార్ వెళ్లింది. ఇస్రో, నాసా కలిసి చేసిన ఈ రాడార్ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే చోటికి తిరిగొస్తుంది. ఇక మన పొలాల ఎత్తుపల్లాలకీ లెక్క ఉంటుంది.

మీ ఊళ్లో పదేళ్ల కిందట ఎన్ని అడుగుల్లో నీళ్లు పడేవి? ఇప్పుడెంత? కింద రాయండి.