లేని గదులకు దారి చూపే లింకులు

మిక్సీ కొంటే డబ్బాలో ఒక చిన్న పుస్తకం వస్తుంది కదా. ఏ జారులో ఏది వేయాలో, మోటారు ఆగిపోతే అడుగున ఉన్న ఎర్ర బటన్ ఎలా నొక్కాలో బొమ్మలతో సహా అందులో ఉంటుంది. మనం చదవకుండానే సొరుగులో పడేస్తాం, అది వేరే సంగతి. కానీ పదేళ్ల తర్వాత తీసి చూసినా ఆ పుస్తకం అబద్ధం చెప్పదు. మిక్సీ మారలేదు, పుస్తకమూ మారలేదు.

ఆన్‌లైన్ గ్రూపుల సంగతి అలా కాదు. రాత్రి పడుకునేటప్పుడు ఉన్న బటన్ పొద్దున లేచేసరికి ఉండదు. హెల్ప్ పేజీ మాత్రం ఇంకా ఆ బటన్నే నొక్కమంటూ ఉంటుంది. నొక్కుదామని వెళ్తే "ఈ పేజీ లేదు" అని వస్తుంది. ఏదో చిన్న చికాకులే అని వదిలేస్తాం. కానీ ఈ గ్రూపుల ముప్ఫై నలభై ఏళ్ల చరిత్ర చూస్తే, పాతబడిన హెల్ప్ లింకు గోడకు పట్టిన మొదటి చెద లాంటిదని అర్థమవుతుంది. ఆ చరిత్రలో మనలాంటి ఇల్లాళ్లు దాచుకున్నవి చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడ చెప్పాలనిపించింది.

మొదట్లో గ్రూపు అంటే మెయిళ్ల జాబితానే. 1986లో ప్యారిస్‌లో ఎరిక్ థామస్ అనే విద్యార్థి లిస్ట్‌సర్వ్ అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. ఒక చిరునామాకి ఉత్తరం పంపితే జాబితాలో ఉన్న అందరికీ అదే చేరవేస్తుంది. చేరాలన్నా మానుకోవాలన్నా దానికి తెలిసిన మాటల్లోనే మెయిల్ రాయాలి. 1990లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు యూజ్‌నెట్‌లో సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అనే చోట కలిసేవారు. తెరమీద తెలుగు అక్షరాలు కనిపించని రోజులు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాయడానికి ఆర్‌టీఎస్ అనే పద్ధతి పెట్టుకుని కబుర్లు, పద్యాలు, వాదనలు అన్నీ కానిచ్చేవారు.

గ్రూపు అనేది ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ల చేతికి వచ్చింది మాత్రం 1998 తర్వాతే. ఆ ఏడు మార్క్ ఫ్లెచర్ అనే ఆయన వన్‌లిస్ట్ అనే సేవ మొదలుపెట్టాడు. కంప్యూటర్ చదువు లేకపోయినా, పైసా ఖర్చు లేకుండా, ఎవరైనా తమ గ్రూపు తాము పెట్టుకోవచ్చు. 1999లో అది ఈగ్రూప్స్‌తో కలిసింది. 2000లో ఆ కంపెనీని యాహూ సుమారు 43 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొనుక్కుంది. 2001 మొదట్లో యాహూ గ్రూప్స్ తలుపులు తెరిచింది. మీలో నలభై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

అది ఉత్తరాల పెట్టె మాత్రమే కాదు, చాలా గదులున్న ఇల్లు. ఫైళ్లకి ఒక గది, ఫొటోలకి ఒకటి, లింకులకి ఒకటి. పట్టికలు రాసుకోవడానికి డేటాబేస్, ఓట్లు వేసుకోవడానికి పోల్స్, పుట్టినరోజులు ముందే గుర్తుచేసే క్యాలెండర్. ఊరెళ్తే గ్రూపు పేరు చివర "నోమెయిల్" అని చేర్చిన చిరునామాకి ఒక ఖాళీ ఉత్తరం పంపితే చాలు, మెయిళ్లు ఆగిపోయేవి. "డైజెస్ట్" అని చేరిస్తే రోజంతటి ఉత్తరాలూ ఒక కట్టగా వచ్చేవి. చంటిపిల్లల తల్లులు, ఒకే ఇంటిపేరు వాళ్లు, విదేశంలో కొత్తగా కాపురం పెట్టి చింతపండు ఎక్కడ దొరుకుతుందో తెలియని కోడళ్లు, అందరికీ అది చావడి అయింది. వాడని వస్తువులు పారేయకుండా ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే ఫ్రీసైకిల్ ఉద్యమం కూడా 2003లో అమెరికాలోని టూసాన్‌లో మొదలై, ఊరూరా యాహూ గ్రూపుల మీదే పెరిగింది. తెలుగు సాహిత్యం మాట్లాడుకునే రచ్చబండ కూడా అక్కడే నడిచింది.

ఇన్ని గదులున్న ఇంట్లో కొత్తగా వచ్చినవాళ్లకి దారి చూపేది ఎవరు? కంపెనీ హెల్ప్ పేజీలు ఉండేవి, కానీ వాటిని చదివేవాళ్లు తక్కువ. గ్రూపు నడిపే మోడరేటరే, అంటే మనలో ఎవరో ఒక ఓపికున్న అక్కయ్యే, "ఫొటో పెట్టాలంటే ఎడమ పక్కన మూడోది నొక్కండి" అని తేలిక మాటల్లో ఒక ఫైలు రాసి పెట్టేది. దాన్ని కొత్తగా చేరినవాళ్లకో, నెలకోసారి అందరికో దానంతటదే వెళ్లేలా అమర్చే వీలూ ఉండేది. జీతం లేదు, పేరు లేదు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక చేసిన సేవ అది.

తేలికగా పాడైపోయేది కూడా ఆ ఫైలే. కంపెనీ తెర మార్చినప్పుడల్లా అందులోని "ఎడమ పక్కన మూడోది" తప్పయిపోతుంది. 2013లో యాహూ తన గ్రూపుల రూపాన్ని ఒక్కసారిగా మార్చేసినప్పుడు ప్రపంచమంతటా మోడరేటర్లు గగ్గోలు పెట్టారు. ఏళ్ల తరబడి రాసుకున్న సూచనలన్నీ మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. ఓపికున్నవాళ్లు రాశారు. లేనివాళ్ల గ్రూపుల్లో పాత ఫైలే నెలనెలా వెళుతూ, లేని బటన్ల గురించి చెబుతూ ఉండిపోయింది.

ఆ ఇంటి తాళం మన చేతిలో ఉండదన్న సంగతి మన దేశానికి ఇంకా ముందే, 2003 సెప్టెంబరులో తెలిసింది. మేఘాలయకి చెందిన ఒక చిన్న గ్రూపును ఆపమని ప్రభుత్వం ఆదేశించింది. ఆ ఒక్కదాన్నే ఆపడం ఇంటర్నెట్ కంపెనీలకి కుదరక యాహూ గ్రూప్స్ మొత్తాన్నీ ఆపేశాయి. దాదాపు రెండు వారాలు వంటల గ్రూపులూ లేవు, పద్యాల గ్రూపులూ లేవు.

మిగతా కంపెనీలదీ ఇదే దారి. ఎంఎస్ఎన్ గ్రూప్స్ 2009 ఫిబ్రవరిలో మూతపడుతూ, మీ సామాను మల్టిప్లై అనే చోటికి మార్చుకోండి అంది. మార్చుకున్నవాళ్లు సర్దుకుని కూర్చునేసరికి 2012 చివర్లో మల్టిప్లై కూడా ఫొటోలు, రాతల భాగం ఎత్తేసింది. గూగుల్ గ్రూప్స్‌లో కూడా ఒకప్పుడు పేజీలు రాసుకునే వీలు, ఫైళ్లు దాచుకునే వీలు ఉండేవి. 2010లో వాటిని తీసేస్తున్నామని ప్రకటించి, గూగుల్ సైట్స్‌కి వెళ్లమన్నారు. తర్వాత కొన్నేళ్లకి ఆ పాత సైట్స్‌నీ ఆపేసి కొత్త రకానికి మారమన్నారు. ప్రతిసారీ సామాను కట్టుకోవడమే, ప్రతిసారీ పాత చిరునామాకి వచ్చినవాళ్లు మూసిన తలుపు చూసి వెనక్కి పోవడమే.

చివరికి యాహూ వంతు వచ్చింది. అప్పటికి అది వెరిజాన్ చేతిలో ఉంది. 2019 అక్టోబరు 16న ప్రకటన వచ్చింది. అక్టోబరు 28 నుంచి కొత్తగా ఏమీ పెట్టడానికి లేదు. డిసెంబరు 14న పాతవన్నీ చెరిపేస్తామన్నారు. జనం మొత్తుకుంటే, కావలసినవాళ్లు తమవి దింపుకోవడానికి 2020 జనవరి 31 దాకా గడువిచ్చారు. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం, దానితోపాటు ఎక్కువగా స్త్రీలే ఉన్న అభిమాన కథల రచయితల సంఘాలు, రాత్రింబవళ్లు కూర్చుని చేతికి అందినన్ని గ్రూపుల్ని కాపాడాయి. అందనివి పోయాయి. 2020 డిసెంబరు 15న మెయిళ్లు కూడా ఆగిపోయాయి. మొదట వన్‌లిస్ట్ పెట్టిన మార్క్ ఫ్లెచరే 2014లో గ్రూప్స్ డాట్ ఐఓ అనే కొత్త చోటు మొదలుపెట్టాడు. ముందుగా మేలుకున్న చాలా గ్రూపులు అక్కడికి చేరాయి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే అందులో కుట్రేమీ లేదు. ప్రతి గదినీ ఊడ్చి తుడిచే మనిషి కావాలి. వాడేవాళ్లు తగ్గగానే ఆ మనిషిని వేరే పనికి పంపిస్తారు. గది మూసేవాళ్లు ఒకరు, హెల్ప్ పేజీ రాసేవాళ్లు ఇంకొకరు. ఒకరు చేసింది మరొకరికి ఎప్పటికో తెలుస్తుంది. ఇక మనం రాసుకున్న సూచనలు వందల మెయిల్ పెట్టెల్లో ఉంటాయి. పంపిన ఉత్తరాన్ని వెనక్కి పిలిచి దిద్దలేం కదా. ఇది గ్రూపుల జబ్బు మాత్రమే కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క చూస్తే, 2013లో ఇంటర్నెట్‌లో ఉన్న పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి కనిపించలేదు.

లెక్కలు ఎలా ఉన్నా, ఇంట్లో పోయేది వేరే. మా పుట్టింటి వైపు బంధువులకి ఒక గ్రూపు ఉండేది. ఏ కంపెనీదో పేరెందుకులెండి. ఒక ఏడాది ఫొటోల విభాగం చెప్పాపెట్టకుండా మాయమైంది. ఇప్పటికీ నా మెయిల్లో మా పెద్దమ్మ ఉత్తరం ఉంది. "అమ్మ ఆవకాయ కలుపుతున్న ఫొటోలు పెట్టాను, ఆవపిండి కొలిచే సోల కూడా కనిపిస్తుంది, కింద లింకు నొక్కి చూడండి" అని. లింకు నొక్కితే ఏమీ రాదు. పెద్దమ్మ ఇప్పుడు లేదు. సోల ఎవరింట్లో ఉందో తెలియదు. అమ్మమ్మ దాన్ని తలకొట్టి కొలిచేదా, గోపురంగా కొలిచేదా అని నేనూ చెల్లెలూ ప్రతి వేసవిలో వాదించుకుంటాం. జవాబు ఆ ఫొటోలోనే ఉంది.

పెళ్లి సారె జాబితాలు, బాలింతకి పెట్టే కారప్పొడి కొలతలు, ఎవరి పెద్దవాళ్ల తద్దినం ఏ తిథినాడో రాసిన పట్టికలు. ఇవేవీ పుస్తకాల్లో ఉండవు. ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నప్పుడే ఉంటాయి. ఆ చెప్పుకోవడం కొన్నేళ్లు ఈ గ్రూపుల్లో సాగింది. ఇప్పుడు వాట్సాప్‌లో సాగుతోంది. అదీ అద్దె ఇల్లే. 2025 జనవరి నుంచి పాత కిట్‌క్యాట్ ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ పని చేయడం మానేసింది. అంతకు ముందే, ఆండ్రాయిడ్‌లో చాట్ బ్యాకప్‌లని మనకి ఇచ్చిన గూగుల్ నిల్వ లెక్కలో కలిపేశారు. నిల్వ నిండితే బ్యాకప్ ఆగిపోతుంది.

అందుకని నేను కొన్ని గుర్తులు పెట్టుకున్నాను. హెల్ప్ పేజీలో బొమ్మ ఒకలా, మన తెర ఇంకోలా ఉంటే ఆ గదిని ఎవరూ చూసుకోవడం లేదని అర్థం. వాడే సదుపాయం మీద "ఇకపై సపోర్ట్ ఉండదు" అన్న చిన్న అక్షరాలు కనిపిస్తే సామాను సర్దుకునే వేళయిందని అర్థం. గ్రూపులో లింకు పెట్టినప్పుడు, అందులో ఏముందో రెండు వాక్యాలు పక్కనే రాస్తే, లింకు పోయినా మాట మిగులుతుంది. కొలతలు, తిథులు, పేర్లు ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. ముఖ్యమైన ఫొటోలు నాలుగు కాగితం మీద వేయించాలి. వాట్సాప్ గ్రూపు కబుర్లని ఫైలుగా దింపుకోవడానికి ఇప్పటికైతే "ఎక్స్‌పోర్ట్ చాట్" అని ఒకటి ఉంది. మీరు ఇది చదివే నాటికి అది అక్కడే ఉంటుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను!

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు ఊరికే అనలేదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మీ ఇంటి గ్రూపులో పైపైకి వెళ్లి చూడండి. మీ అత్తగారో, మేనత్తో ఎప్పుడో చెప్పిన కొలత ఒక్కటైనా దొరుకుతుంది. ముందు దాన్ని రాసిపెట్టుకోండి.