ఎడ్లబండి టైరు నుంచి కారు టైరు దాకా మనం మోసుకొచ్చిన ఓ అలవాటు



ఈసారి వరి గురించి కాదు, కొబ్బరి గురించీ కాదు. టైర్ల గురించి. నవ్వకండి, కాస్త ఓపిక చేసుకుని చదవండి. మన ఊళ్ళలో ఇప్పుడు ఎడ్లబండి ఉన్న ఇల్లు వెతుక్కోవాలి గానీ కారు లేని వీధి లేదు. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో సంపాదించి కొన్న కారు పండక్కి మన వాకిట్లో ఆగుద్ది. టైర్లు మార్చాలంటే "నాన్నా, అమలాపురంలో చూసి వేయించు" అని మన చేతిలో పెడతారు. అక్కడే మనం ఒక తప్పు చేస్తున్నాం. తెలివితక్కువతో చేసేది కాదది, మన తాతల నాటి నుంచీ వచ్చిన అలవాటుతో చేసేది.

పోయిన శ్రావణంలో మా మేనల్లుడు ఎర్ర కారులో ఊరొచ్చాడు. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో కొన్నాడు. నేలకి ఆనినట్టుండే స్పోర్ట్ కారు. తొక్కితే ఎగిరిపోద్ది. అమ్మినాయన కారుని ఎక్కువ తిప్పలేదట, సెల్లారులోనే ఉండేదట, అందుకని టైర్లు కొత్తవాటిలాగే ఉన్నాయని వీడి సంబరం. సాయంత్రం చిన్న జల్లు పడింది. కాలవ గట్టు రోడ్డు మీద ట్రాక్టర్ల దమ్ము చక్రాలు రాల్చిన మట్టి నానింది. వీడు పెద్ద స్పీడులో కూడా లేడు. మలుపులో బ్రేకు తొక్కాడు, బండి వెనక భాగం పక్కకి జారి, కాలవ వైపు తిరిగి, గట్టు మీద కొబ్బరిచెట్టుకి తగిలి ఆగింది. ఆ చెట్టు లేకపోతే ఈ పోస్టు ఇంకోలా ఉండేదండి. నిండు కాలవ. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి. వెనక సీట్లో మా చెల్లెలు.

మర్నాడు నేనూ వాడూ కూర్చుని టైర్లు చూశాం. గీతలు లోతుగానే ఉన్నాయి. నేనైతే "టైర్లు బాగానే ఉన్నాయిరా, నీ తోలకమే బాలేదు" అని తిట్టాను కూడా. తరవాత తెలిసింది, తప్పు నాది కూడా అని.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం.

మన పాత బండి చక్రం గుర్తుందా? ఆకులు, పూటీలు వడ్రంగి చేస్తే, ఇనప పట్టాని కమ్మరి ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్ళు పోసేవాడు. పట్టా చల్లారి బిగుసుకునేది. ఆ చక్రానికి వయసంటూ లేదు. పట్టా అరిగితే మార్చుకోవడమే, చెక్క చీకిపోతే మార్చుకోవడమే. చూపుకి తెలిసిపోయేది. మన ఒండ్రు నేలలో, వానాకాలంలో, ఆ సన్నటి చక్రం ఇరుసు దాకా దిగబడేది. అందుకే కోనసీమలో సరుకు చాలాకాలం నీళ్ళ మీదే నడిచింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చాక ధాన్యం, కొబ్బరికాయలు పడవల్లో వెళ్ళేవి. గోదావరి పాయల మీద వంతెనలు వచ్చేదాకా లారీ అయినా కారు అయినా రేవులో పంటు ఎక్కాల్సిందే. అంటే మన నేలకి చక్రం ఆలస్యంగానే కుదురుకుందండి.

రబ్బరు టైరు పుట్టింది మాత్రం చాలా దూరంలో. పచ్చి రబ్బరు ఎండకి కరిగి, చలికి పెళుసెక్కేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన దానికి గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడి నిలబడుతుందని కనిపెట్టాడు. పాపం, 1860లో అప్పుల్లోనే పోయాడు. ఆ పేరున్న కంపెనీని 1898లో వేరేవాళ్ళు పెట్టారు, ఆయనకీ దానికీ సంబంధం లేదు. గాలి నింపిన చక్రానికి 1845లోనే థామ్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు గానీ అప్పటికి దాంతో అవసరం ఎవరికీ రాలేదు. మళ్ళీ 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే ఆయన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. ఆయన వృత్తి ఏంటో తెలుసా? పశువుల డాక్టరు!

మన దేశంలో మొదటి టైర్ల ఫ్యాక్టరీ కూడా ఆ డన్‌లప్ పేరుతోనే బెంగాల్లో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో 1936లో మొదలైంది. ఉత్తరాదిలో రబ్బరు టైరు బండిని డన్‌లప్ బండి అని ఇప్పటికీ అంటారు. మన దక్షిణాన ఎం.ఆర్.ఎఫ్. వాళ్ళు 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఒక షెడ్డులో పిల్లల గాలిబుడగలు చేస్తూ మొదలెట్టి, పాత టైర్లకి పైన అతికే రబ్బరు చేసి, ఆ తరవాత 1961లో టైర్లలోకి వచ్చారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఊళ్ళకి రబ్బరు టైరు ఎలా వచ్చిందో చూడండి. కొత్తది రాలేదు. లారీకో జీపుకో అరిగిపోయి తీసేసిన టైరు బండికి వచ్చింది. గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు నడిచే ఎద్దులకి అది దివ్యంగా సరిపోయింది. బరువు రెట్టింపు లాగాయి, మెడ పుళ్ళు తగ్గాయి. అరిగి నున్నగా అయినా, పక్కన పగుళ్ళొచ్చినా, గాలి నిలిస్తే చాలు. పదేళ్ళయినా పదిహేనేళ్ళయినా పర్లేదు. మా తాతగారి బండికున్న టైరు ఏ సంవత్సరానిదో ఆయనకీ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. "గీతలున్నాయా, గాలి ఆగుతోందా" ఈ రెండే మన పరీక్షలు. బండి వేగానికి అది సరైన పరీక్షే. దాన్నే మనం 80లో వెళ్ళే కారుకి పెడుతున్నాం.

రైతుకి చక్రం ఎంచుకోవడం రాదని కాదండోయ్. ట్రాక్టరు టైరు కథ చూడండి. అమెరికాలో ట్రాక్టర్లకి మొదట ఇనప చక్రాలే. 1932లో ఆలిస్ చామర్స్ ట్రాక్టరుకి ఫైర్‌స్టోన్ కంపెనీ విమానం టైర్లు తొడిగి చూసింది. రబ్బరు పొలంలో పట్టదని రైతులు నమ్మలేదు. 1933లో రేసు డ్రైవర్ చేత ఒక ట్రాక్టర్ని గంటకి 64 మైళ్ళు తోలించి మరీ చూపించారు. మనమేమో పొడి చేలో రబ్బరు టైరు, దమ్ములో ఇనప చక్రం, బరువు కావాలంటే ట్యూబులో నీళ్ళు అని ఎవరూ చెప్పకుండానే సర్దుకున్నాం. పొలంలో ఏ మడికి ఏ చక్రమో మనకి తెలుసు. రోడ్డెక్కాకే తేడా వస్తోంది.

రబ్బరు అంటే ప్రాణమున్న సరుకు లాంటిదని మనకి ఎవరూ చెప్పలేదు. గంధకం చేసిన బిగింపు ఫ్యాక్టరీతో ఆగిపోదు. ఎండ, గాలి, వేడి తగిలే కొద్దీ రబ్బరు ఇంకా గట్టిపడతానే ఉంటది. దాన్ని కాపాడటానికి లోపల మైనం లాంటి మందులు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటేనే ఆ మైనం పైకి వచ్చి కాపాడేది. సెల్లారులో కదలకుండా పడున్న టైరుకి ఆ రక్షణ కూడా తక్కువే. కాబట్టి "తిప్పలేదు, కొత్తలాగే ఉంది" అనే మాట నిజానికి భయపడాల్సిన మాట.

మా వాడి టైరు పక్కగోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలున్నాయి: 2316. అంటే 2016లో 23వ వారంలో తయారైంది. ఈ లెక్క నాలుగంకెల్లో రాయడం 2000 నుంచి మొదలైంది. అంతకుముందు మూడే అంకెలు, ఏ దశాబ్దమో తెలిసేది కాదు. గోటితో నొక్కి చూస్తే చెక్కలా ఉంది. గీతల అడుగున సన్నటి పగుళ్ళు. గీతలు మాత్రం లోతే!

కుర్రాళ్ళకి చెప్పాలంటే ఒక మాట. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాల్లో పాల్ వాకర్ 2013 నవంబరు 30న కారు ప్రమాదంలో పోయాడు కదా. కారు మితిమీరిన వేగంతో ఉందని విచారణలో తేల్చారు. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ళ నాటివని కూడా రాశారు. అంత ఖరీదైన కారుకి!

ఇక "ఆల్ సీజన్" గొడవ. మావాడి అన్న న్యూజెర్సీలో ఉంటాడు. ఫోనులో విని, "తమ్ముడూ, ఆల్ సీజన్ టైర్లు వేయించు, ఏ కాలానికైనా పనికొస్తాయి" అన్నాడు. వాడున్న చోటికి అది సరైన మాటే. ఆ పేరుతో టైరు మొదట 1977లో గుడ్‌ఇయర్ వాళ్ళు టియెంపో అని తెచ్చారు. చలికాలం మంచు టైర్లు, ఎండాకాలం మామూలు టైర్లు అని ఏడాదికి రెండుసార్లు మార్చుకునే బాధ తప్పించడానికి. ఏడు డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోద్ది, అందుకోసం ఆ రబ్బరు వేరేగా కలుపుతారు. మన రాజోల్లో ఏడు డిగ్రీలు ఎవరైనా చూశారాండీ? మన కాలాలు రెండే: నిప్పులు కురిసే ఎండ, రోడ్డు కనపడని వాన. మనకి కావాల్సింది వేడికి తట్టుకుని, తడి రోడ్డుని పట్టుకునే రబ్బరు. పేరులో కాలాలన్నీ ఉన్నంత మాత్రాన మన కాలం అందులో ఉన్నట్టు కాదు.

తడి అంటే గుర్తొచ్చింది. విమానాలు తడి రన్‌వే మీద ఎందుకు జారుతున్నాయని అమెరికా నాసా వాళ్ళు పరిశోధించి 1963లో ఒక లెక్క చెప్పారు. నిలవ నీటి మీద టైరు ఎంత వేగంలో తేలిపోతుందనేది లోపలి గాలిని బట్టి ఉంటది. ఆ లెక్కన 33 పాయింట్ల గాలి ఉంటే గంటకి 95 కిలోమీటర్ల దగ్గర, 24కి దిగితే 80 దాటగానే తేలుద్ది. టైరు అరిగితే ఇంకా ముందే. గాలి తగ్గిస్తే వానలో పట్టు పెరుగుతుందని మనలో ఒక నమ్మకం ఉంది. దమ్ములో నిజం, రోడ్డు మీద తలకిందులు.

మేం చివరికి ఏం చేశామంటే, కారు తలుపు పక్కన అంటించిన చీటీలో ఉన్న సైజే తీసుకున్నాం: 205/55 ఆర్16. 205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 55 శాతం ఎత్తు, రేడియల్, 16 అంగుళాల రిమ్ము. ఇంకా వెడల్పు, ఇంకా పొట్టి టైరు వేస్తే షోగా ఉంటదని మావాడు సరదాపడ్డాడు. మన గుంటల్లో ఆ పొట్టి టైరు పక్కగోడ చీలిపోద్ది, రిమ్ము వంకర్లు పోద్ది, పైగా వెడల్పు పెరిగితే నీళ్ళ మీద తేలడం ఇంకా తొందర. వద్దన్నాను. నీళ్ళు బయటికి పోవడానికి చుట్టూ లోతైన గాళ్ళున్నది చూశాం. వేగం అక్షరం కంపెనీ ఇచ్చినదానికి తగ్గకూడదు. చట్టం 1.6 మిల్లీమీటర్ల గీత దాకా ఒప్పుకుంటది గానీ మన వానలకి అందులో సగం ధైర్యం కూడా రాదు, మూడు దగ్గరే మార్చేయండి. డబ్బు చాలక రెండే కొంటే కొత్తవి వెనక్కి వేయించండి. మనందరం ముందుకి వేయిస్తాం, అదీ తప్పే. ముందు జారితే బండి తిన్నగా పోద్ది, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే పట్టు దొరుకుద్ది. వెనక జారితే మావాడికి జరిగిందే జరుగుద్ది.

నాలుగూ ఒకేసారి వేయించాం. ఒక దింపు కాయల డబ్బు పోయింది. కుర్రాడు టైర్లు తెచ్చి బిగించబోతుంటే "ఉండవయ్యా" అని కళ్ళజోడు పెట్టుకుని నాలుగింటి మీదా అంకెలు చదివాను. మూడు ఆ సంవత్సరానివే, ఒకటి రెండేళ్ళ పాతది. మార్చమన్నాను, మార్చాడు. అడగందే ఎవరూ చెప్పరు.

పాత నాలుగూ అక్కడే వదిలేస్తే ఇంత ఇస్తానన్నాడు. ఎందుకని అడిగితే, "గీతలు బాగున్నాయి కదండీ, ఆటోకో వ్యానుకో పోతాయి" అన్నాడు. ఇంటికి తెచ్చేశాను. కొబ్బరి కత్తితో నాలుగింటికీ పక్కగోడ కోసేసి, రేవులో పడవవాళ్ళకి ఇచ్చాను. ఇప్పుడు పడవ పక్కన వేలాడుతున్నాయి, ఒడ్డు తగలకుండా.