కోడూరు ఖనిజంలో భాస్వరం

భారతదేశంలో మాంగనీసు తవ్వకం విజయనగరం ప్రాంతంలోనే, 1892లో మొదలైంది. కోడూరు, గర్భాం గనుల సరుకు విశాఖ తీరం నుంచి ఓడలెక్కి విదేశీ ఉక్కు కర్మాగారాలకు చేరేది. ఉక్కుకు మాంగనీసుతో పనేమిటంటే, ప్రధానంగా గంధకాన్ని కట్టడి చేయడం. గంధకం ఇనుముతో కలిసి ఏర్పడే సల్ఫైడు తక్కువ వేడికే కరిగి ఉక్కు స్ఫటికాల సందుల్లో పొరగా పేరుకుంటుంది. ఎర్రగా కాల్చి సుత్తి వేస్తే ఆ సందుల వెంబడే లోహం చీలిపోతుంది. కొద్దిగా మాంగనీసు పడితే గంధకం దాన్ని పట్టుకుని విడివిడి రేణువులుగా ఉండిపోతుంది. బెస్సెమర్ ఉక్కును 1856లో రాబర్ట్ ముషెట్ గట్టెక్కించింది మాంగనీసున్న ఇనుము కలిపే.

అందరికంటే ముందు మొదలెట్టి, రేవుకు ఇంత దగ్గరున్న గనులు ఎందుకు వెనకబడ్డాయి? 1900 ప్రాంతంలో తవ్వకం మొదలైన నాగపూర్, బాలాఘాట్ గనులు వందల మైళ్ల రైలు కిరాయి భరిస్తూ కూడా కొన్నేళ్లలోనే వీటిని దాటేశాయి. అక్కడి ఖనిజంలో మాంగనీసు పాలు ఎక్కువన్నది నిజమే. కానీ నాకు అంతకంటే పెద్ద కారణంగా కనిపించేది భాస్వరం. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మార్ 1909 నాటి గ్రంథంలో వర్ణించిన, ఈ గనుల్లోని కోడూరైట్ శిలలో మాంగనీసు గార్నెట్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు అపటైట్ ఉంది. అపటైట్ అంటే భాస్వరమున్న ఖనిజమే. ఖనిజంలోని ఇసుకపాలు స్లాగ్‌లోకి పోతుంది. భాస్వరం మాత్రం బ్లాస్ట్ ఫర్నేసులో దాదాపు అంతా లోహంలోకే దిగుతుంది. అది ఎక్కువైన ఉక్కు చల్లటి వేళ దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది.

1879 నుంచి థామస్ పద్ధతిలో సున్నంతో భాస్వరం తీసేయడం వచ్చింది కదా, ఇక ఇబ్బందేమిటని అడగవచ్చు. ఆ శుద్ధి అయ్యాకే, చిట్టచివర, ఖనిజం నుంచి తీసిన ఫెర్రో మాంగనీసు (ఇనుము, మాంగనీసుల మిశ్రమం) వేస్తారు. దానితో వచ్చే భాస్వరాన్ని తీసే దశ ఆ తర్వాత లేదు. అందుకే కొనేవాడు మాంగనీసు శాతంతో పాటు భాస్వరం శాతమూ చూసి ధర కట్టేవాడు. అలాగని ఈ ఖనిజం పనికిరానిదేమీ కాదు. భాస్వరం తక్కువున్న సరుకుతో పాళ్లు చూసి కలిపితే ఫర్నేసుకు సరిపోతుంది. 1950లలో ఈ ప్రాంతంలోనే, గరివిడిలో, ఫెర్రో మాంగనీసు కర్మాగారం వచ్చింది.