తేరు తిరిగే వీధులు: హోసూరు పాతపేటలో నడక

కెలవరపల్లి డ్యాం చూడడానికి వచ్చే బయటి ఊళ్ళవాళ్ళలో చాలామందికి హోసూరంటే హైవే, ఫ్యాక్టరీలు మాత్రమే. కొండ కింద తేరుపేట ఒకటుందనీ, ఈ ఊరి అసలు నక్ష అక్కడే ఉందనీ వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. మన ఇండ్లలో కూడా పిల్లలకు ఆ సంగతి తెలియకుండా పోతోంది.

ఏటా ఫాల్గుణ పున్నమికి చంద్రచూడేశ్వరస్వామి తేరు కదులుతుంది. తేరు బండి వంటిది కాదు, పక్కకు తప్పుకోలేదు, ఒక్కసారిగా మళ్ళలేదు. చక్రం కింద చెక్క పెట్టి, మోకులు లాగి, కొంచెం కొంచెంగా తిప్పాలి. అందుకే తేరువీధికి వెడల్పు కావాలి, మూల దగ్గర ఖాళీ కావాలి, నేల సమంగా ఉండాలి. ఈ మూడూ నడిచే మనిషికి కూడా కావలసినవే. తేరు ఏడాదికి ఒకసారే వస్తుంది. మిగతా దినాలన్నీ ఆ వీధి జనానిదే.

ఇదే కొలతను పెద్ద ఎత్తున చూడాలంటే మధురకు పోవాలి. మన నాయకరాజుల ఏలుబడిలో మీనాక్షి గుడి చుట్టూ వీధులు ఒకదాని వెలుపల ఒకటిగా చతురస్రాలై కుదిరాయి. ఆడి, చిత్రై, ఆవణిమూల, మాసి అని తమిళ నెలల పేర్లు పెట్టారు. అయితే చిత్రై నెల తేరు మాసి వీధుల్లో తిరుగుతుంది! తిరుమల నాయకుడు మాసి ఉత్సవాన్ని చిత్రైకి మార్చడమే దీనికి కారణమంటారు. వెలి వీధులు మాత్రం తరవాతివి. 1840ల్లో కలెక్టరు బ్లాక్‌బర్న్ కోటగోడ పడగొట్టించి, అగడ్త పూడిపించాక వచ్చాయి. ఇప్పుడు గుడిని ఆనుకున్న చిత్రై వీధుల్లోకి బండ్లను రానివ్వరు. యాత్రికులు నడుస్తారు, అంగళ్ళూ నడుస్తున్నాయి.

బండ్లు ఆపితే వ్యాపారం పోతుందని మన పేటలోనూ భయపడేవాళ్ళున్నారు. వాళ్ళ భయాన్ని కొట్టిపారేయలేము. సరుకు దింపుకునేదానికి పొద్దున ఒక గంట, ముసలివాళ్ళకు బ్యాటరీ బండి, పేట బయట కార్లకు జాగా, ఇవి చేయకుండా అడ్డుకమ్మి పెడితే అది అన్యాయమే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నిబంధనల ప్రకారం కాలిబాటలో అడ్డం లేని నడక జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. గట్టు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. మీ వీధిలో ఒకసారి టేపు పట్టి చూడండి. ట్రాన్స్‌ఫార్మరు, అంగడి మెట్లు, నిలబెట్టిన స్కూటరు తీసివేస్తే ఎంత మిగులుతుందో తెలుస్తుంది.

అంతకంటే ముఖ్యం రోడ్డు ఎత్తు. పాత తారు తవ్వకుండా దానిమీదే కొత్తది పరుస్తూ పోతే ఇంటి గడప రోడ్డుకన్నా కిందికి పోతుంది, వానకు నీళ్ళు లోపలికొస్తాయి, కరెంటు తీగలు తేరు కలశానికి దగ్గరవుతాయి. 2022 ఏప్రిల్ 27న తంజావూరు దగ్గర కళిమేడులో తేరుకు హైటెన్షన్ తీగ తగిలి 11 మంది చనిపోయారు. అక్కడ రోడ్డు ఎత్తు పెరిగిందని అప్పుడు పత్రికల్లో వచ్చింది. హోసూరు 2019లో కార్పొరేషన్ అయింది. పేట వీధుల్లో కొత్త రోడ్డు వేసే ముందు పాతది గీకి తీయమని మన వార్డులవాళ్ళు రాసి అడగాలి. నోటిమాటగా అడిగితే చాలదు.

డ్యాం సంగతి వేరు. దక్షిణ పినాకిని నందికొండల్లో పుట్టి, బెంగళూరు మురుగు మోసుకొని మన దగ్గరికొస్తుంది. నీళ్ళు వదిలినప్పుడు లేచే తెల్లటి నురగను కొందరు వేడుకగా ఫోటోలు తీస్తుంటారు. అది వేడుక కాదు, ఆ నీళ్ళతోనే కింద సేద్యం జరుగుతోంది. పిల్లలను అందులో దిగనివ్వకండి.

చుట్టాలొస్తే ఇలా తీసుకుపోండి. పొద్దున ఎండ ముదరకముందే తేరుపేటలో మొదలుపెట్టి, కార్లు కిందనే వదిలి, కొండకు మెట్లదారిన ఎక్కండి. పైనుంచి ఊరంతా కనబడుతుంది. దిగినాక పేటలోనే టిఫిను, పేటలోనే పూలు కొనండి. తరవాత రాజాజీ 1878లో పుట్టిన తొరపల్లి ఇల్లు చూపించి, పొద్దు వాలేటప్పటికి కెలవరపల్లి చేరండి.