నొప్పికి లాబీ ఉండదు

చట్టాన్ని కూడా సాహిత్య పాఠంలాగే చదవొచ్చు. ఇందులో మాట్లాడేదెవరు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు, ఎవరు ఉండి కూడా కనబడటం లేదు అని అడగొచ్చు. తెలుగు స్త్రీల ఆత్మకథల్లో అనారోగ్యం మీద పరిశోధన చేసిన నేను గంజాయి, నల్లమందు చట్టాల చరిత్రలోకి వెళ్లింది ఈ ప్రశ్నలతోనే. గంజాయిని ఔషధంగా అనుమతించాలా అనే చర్చ ఇప్పుడు మన దేశంలో కూడా శాసనసభల దాకా వచ్చింది. ఆ చర్చలో పంట ఉంది, పన్ను ఉంది, పోలీసు ఉన్నాడు. మందు కావలసిన మనిషి జాడే తక్కువ. ఇది ఈ రోజు మొదలైన సంగతి కాదు.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి, భంగు వాడకం మీద ఒక కమిషన్ వేసింది. అధికారులు, వైద్యులు, మిషనరీలు, వ్యాపారులు, ఇలా 1,193 మంది సాక్ష్యాలు తీసుకుని, నిషేధం అక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెడితే చాలని ఆ కమిషన్ 1894లో తేల్చింది. అందులో నన్ను ఆపింది పిచ్చాసుపత్రుల రికార్డుల సంగతి. గంజాయి వల్లే మతి చెడిందని రాసిన కేసులను తిరగేసి చూస్తే, చాలా వాటిలో ఆ కారణం వైద్యులు కనిపెట్టింది కాదు. రోగితోపాటు వచ్చిన పోలీసు, మేజిస్ట్రేటు కాగితాల్లో ఉన్నదాన్నే ఆసుపత్రివాళ్లు ఎత్తి రాసుకున్నారు. రోగి కథ రాసింది కానిస్టేబులు. ఆ తరవాతి చట్టాలన్నిటికీ ఇది ముందుమాటలా అనిపిస్తుంది నాకు.

1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం మాదకద్రవ్యాలను కట్టడి చేస్తూనే, నొప్పి తగ్గించడానికి అవి తప్పనిసరి అని కూడా ఒప్పుకుంది. ఆ ఒప్పందానికి తగ్గట్టు మన పార్లమెంటు చేసిన ఎన్‌డీపీఎస్ చట్టం 1985 సెప్టెంబరు 16న రాష్ట్రపతి ఆమోదం పొంది, నవంబరు 14న అమల్లోకి వచ్చింది. గంజాయి, నల్లమందు, నల్లమందు నుంచి తీసే మార్ఫిన్, అన్నీ ఒకే చట్టం కిందికి చేరాయి. చాలా నేరాలకు పదేళ్లకు తగ్గని జైలు, లక్షకు తగ్గని జరిమానా. మార్ఫిన్ ఎవరు ఉంచుకోవచ్చో, అమ్మొచ్చో నియమాలు రాసే అధికారం రాష్ట్రాలది. ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరుగా, వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు కావాలంది. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకొకదాని గడువు తీరిపోయేది. ఆసుపత్రులు, మందుల షాపులు ఈ బాధ మనకెందుకని మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద వైద్యానికి వాడిన మార్ఫిన్ సుమారు 18 కిలోలకు పడిపోయింది. ప్రపంచానికి మందుల కోసం నల్లమందు ఎగుమతి చేస్తున్న దేశంలో పరిస్థితి ఇది.

అంకెల్లో కనబడనిది నేను ఇబ్రహీంపట్నంలో చూశాను. మా పెద్దమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. 2012 నాటికి జబ్బు నడుములోకి పాకింది. ఊళ్లో ఏ మందుల షాపుకి వెళ్లినా ఆ మాత్ర పేరు వినగానే మమ్మల్ని ఎగాదిగా చూసేవాళ్లు. కాన్పులు చేసుకున్నదానివి, ఈ మాత్రం ఓర్చుకోలేవా అన్నాడు ఒక డాక్టరు. మా వదినె పదిహేను రోజులకోసారి రెండు బస్సులు మారి నగరానికి పోయి మాత్రలు తెచ్చేది. ఆ రోజు కూలి పోయేది, పిల్లల బడి పోయేది. "అరవకుంటె డాక్టరు నమ్మడు, అరిస్తె వాడకట్టు నమ్మదు" అనేది వదినె. ఆడదాని నొప్పి మీద నేను చదివిన సిద్ధాంతాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఓర్పు స్త్రీ సహజగుణమని నమ్మే సమాజంలో నొప్పికి మందు అడగడమే తప్పుగా కనిపిస్తుంది. మందు కోసం తిరిగేది కూడా మరో స్త్రీయే, జీతం లేకుండా.

ఈ నియమాలను కదిలించిన చరిత్రలో కూడా స్త్రీల నొప్పి ఉంది. కానీ అది ఇతరుల నోటి ద్వారానే వినబడింది. రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతున్న తల్లికి మార్ఫిన్ దొరక్క ఒక కొడుకు 1998లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. 2007లో ఉపశమన చికిత్స వైద్యుల సంఘం సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పలాట్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ మన రాష్ట్రంతో సహా పలుచోట్ల రోగుల మాటలు నమోదుచేసి నివేదిక తెచ్చింది. చివరికి 2014 ఫిబ్రవరిలో, తెలంగాణ బిల్లు ఆమోదం పొందిన ఆ సమావేశాల్లోనే, ఎన్‌డీపీఎస్ సవరణ కూడా ఆమోదం పొందింది. మార్ఫిన్ లాంటి అత్యవసర మందులకు దేశమంతా ఒకే నియమం, ఒకే అనుమతి అన్నారు. తెలంగాణ వచ్చాక మా జిల్లాలో చేవెళ్లలో కూడా ఉపశమన చికిత్స కేంద్రం పెట్టారు. 1985 నుంచి 2014 దాకా, ఇంతకాలం ఎందుకు పట్టింది? మార్ఫిన్ మాత్ర చాలా చవక. దానికోసం మంత్రుల గుమ్మాలు తొక్కే కంపెనీ లేదు.

మరి కంపెనీ ఉంటే రోగి గెలుస్తుందా? అమెరికా రాష్ట్రాల అనుభవం చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో మేరీ జేన్ రాత్‌బన్ అనే ముసలావిడ ఎయిడ్స్ రోగులకు గంజాయి కలిపిన బ్రౌనీ కేకులు చేసి ఇస్తూ అరెస్టులకు కూడా వెరవలేదు. అలాంటివాళ్ల పోరాటం వల్ల 1996లో కాలిఫోర్నియా ప్రజలు ఔషధ గంజాయికి ఓటేశారు. ఇరవై ఏళ్లు తిరక్కముందే కథ మారింది. 2015లో ఒహాయోలో పెట్టుబడిదారులు తమకు చెందిన పది స్థలాల్లోనే వాణిజ్య సాగు జరిగేలా ప్రతిపాదన పెడితే ఓటర్లే తిప్పికొట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలో రోగులు కలిసి సాగు చేసుకునే తోటల పాత పద్ధతిని 2015 చట్టం రద్దుచేసి, వాళ్లను 2016 నుంచి లైసెన్సు దుకాణాల దారి పట్టించింది. ఆ చట్టానికి రోగుల రక్షణ అని పేరు! నొప్పి మందుల విషయంలో ఇంకా ఘోరం. అయిదు మందుల కంపెనీలు 2012, 2017 మధ్య రోగుల సంఘాలకు, వైద్యుల సంఘాలకు దాదాపు 90 లక్షల డాలర్లు ఇచ్చాయని 2018లో ఒక సెనేట్ నివేదిక బయటపెట్టింది. ఆ మందుల వ్యసనంతో వేలకువేల మంది చనిపోతున్న కాలంలో కొన్ని సంఘాలు రోగి పేరుతోనే కట్టడిని వ్యతిరేకించాయి.

అంటే నొప్పి మీద లాభం లేకపోతే చట్టం రోగిని వినదు. లాభం ఉంటే రోగి గొంతును అరువు తెచ్చుకుని, ఆ గొంతుతో కంపెనీ మాట్లాడుతుంది. ఈ రెంటికీ మధ్య, ఎవరి డబ్బూ తీసుకోకుండా, రోగులూ వాళ్లను చూసుకునే ఆడవాళ్లూ సొంతంగా మాట్లాడే చోటు చాలా ఇరుకు.

మనకిది దూరపు ముచ్చట కాదు. గంజాయి సాగును అనుమతించే అధికారం ఎన్‌డీపీఎస్ చట్టం రాష్ట్రాలకే ఇచ్చింది. 2018లో ఉత్తరాఖండ్ పారిశ్రామిక సాగుకు లైసెన్సు ఇచ్చింది. 2024 సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్ శాసనసభ ఔషధ, పారిశ్రామిక సాగును సిఫార్సు చేసిన నివేదికను ఆమోదించింది. అక్కడ ముందుగా వినబడిన మాట ఖజానాకు ఆదాయం. ఇటు విశాఖ మన్యంలో 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. అక్కడ వినబడింది నేరం అనే మాట. గంజాయి ఏ జబ్బుకు ఎంత పనిచేస్తుందో వైద్యశాస్త్రం తేల్చాలి. నేను అడిగేది అది కాదు.

రేపు మన శాసనసభల్లో ఏదో ఒకదానిలో ఇలాంటి బిల్లు వస్తుంది. దానిమీద వేసే కమిటీలో ఎక్సైజు అధికారి ఉంటాడు, పరిశ్రమల సంఘం ప్రతినిధి ఉంటాడు. రెండు బస్సులు మారి మాత్రలు తెచ్చే కోడలికి అక్కడ కుర్చీ ఉంటుందా? ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రికార్డులోకి ఎక్కుతుందా? రోగుల తరఫున వచ్చామనేవాళ్లు తమకు డబ్బు ఎక్కడిదో ముందుగా చెప్పాలనే నియమం ఉంటుందా? రాయడం, రికార్డు చేయడం మన పని కనుక, బిల్లు వచ్చేదాకా ఆగకుండా ఆ గొంతులను ఇప్పటి నుంచే నమోదు చేయడం మొదలుపెడదాం.