పాత పాఠశాల బస్సుల సర్వీసు మాన్యువళ్లు, మరమ్మతు సమాచారం: సేకరణ విధానం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ ధ్రువపత్రాల గడువు ఏటా మే 15వ తేదీతో ముగుస్తుంది. పాఠశాలలు జూన్ రెండవ వారంలో తిరిగి తెరుచుకుంటాయి. ఈ నాలుగు వారాల వ్యవధిలోనే ప్రతి బస్సును మరమ్మతు చేయించి, తనిఖీకి హాజరుపరచి, కొత్త ధ్రువపత్రం పొందవలసి ఉంటుంది. కొత్త బస్సుల విషయంలో ఇది పెద్ద సమస్య కాదు. పది, పన్నెండు సంవత్సరాలు దాటిన బస్సుల విషయంలో మాత్రం మెకానిక్‌కు కావలసిన కొలతలు, సర్దుబాటు ప్రమాణాలు, విడిభాగాల నంబర్లు అందుబాటులో లేక పనులు ఆలస్యం కావడమో, అంచనా మీద జరిగిపోవడమో సంభవిస్తున్నది.

బ్రేకు డ్రమ్మును ఎంత వరకు కోత పెట్టవచ్చు, లైనింగు ఏ మందానికి అరిగితే మార్చాలి, చక్రం నట్లను ఎంత బలంతో బిగించాలి అనే అంశాలు అనుభవంతో ఊహించదగినవి కావు. ఇవి మోడల్‌ను బట్టి మారుతాయి. తయారీదారు వీటిని రాతపూర్వకంగా నిర్దేశించి ఉంటారు. ఆ రాతను సంపాదించడం ఎలాగో విద్యాసంస్థల యాజమాన్యాలకు, రవాణా విభాగం చూసే సిబ్బందికి తెలియవలసిన అవసరం ఉన్నది.

ఒక బస్సు, ఇద్దరు తయారీదారులు

పాత బస్సుల సమాచారం దొరకకపోవడానికి మొదటి కారణం, దానిని ఒకే చోట వెదకడం. రెండు దశాబ్దాల క్రితం వరకు బస్సులలో అధిక భాగం చాసిస్‌గా కొనుగోలు చేసి, స్థానికంగా బాడీ కట్టించినవే. విజయవాడ ఆటోనగర్ వంటి కేంద్రాలు ఈ పనికి పేరు పొందాయి. ఇంజిను, గేరుబాక్సు, యాక్సిళ్లు, బ్రేకులు, స్టీరింగు చాసిస్ తయారీదారు బాధ్యత. తలుపులు, అత్యవసర ద్వారం, సీట్లు, కిటికీ కమ్మీలు, బాడీలోని విద్యుత్ తీగల అమరిక బాడీ బిల్డరు పని. చాసిస్ కంపెనీ మాన్యువల్‌లో రెండవ భాగం ఉండదు. కనుక సేకరణ కూడా రెండు దారులలో సాగవలసి ఉంటుంది.

తొలి మెట్టు: వాహనం గుర్తింపు

వాహనం వాడుక పేరు చెప్పి మాన్యువల్ అడిగితే సరైనది లభించకపోవచ్చు. ఒకే పేరుతో అమ్ముడైన బస్సులలో సంవత్సరాన్ని బట్టి ఇంజిను, పంపు, యాక్సిలు, బ్రేకుల రకం మారి ఉంటాయి. అందువల్ల కింది వివరాలను ముందుగా నమోదు చేసుకోవాలి.

- రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని తయారీ నెల, సంవత్సరం, మోడల్ పేరు, వీల్‌బేస్
- చాసిస్ ఫ్రేముపై చెక్కిన చాసిస్ నంబరు, ఇంజిను బ్లాకుపై ఉన్న ఇంజిను నంబరు
- ఇంజెక్షన్ పంపుకు బిగించిన రేకుపై ఉన్న రకం నంబరు
- గేరుబాక్సు, వెనుక యాక్సిలు, స్టీరింగు బాక్సులపై ఉన్న గుర్తింపు సంఖ్యలు
- బ్రేకుల రకం (హైడ్రాలిక్ లేదా ఎయిర్), విద్యుత్ వ్యవస్థ వోల్టేజి (12 లేదా 24)
- ఉద్గార ప్రమాణం (భారత్ స్టేజ్)

చాసిస్ నంబరులో మోడల్, తయారీ కాలానికి సంబంధించిన సంకేతాలు ఇమిడి ఉంటాయి. అధీకృత డీలరు వద్ద ఈ నంబరు ఆధారంగానే విడిభాగాల జాబితాను తెరుస్తారు. ఇంజిను లేదా గేరుబాక్సు మధ్యలో మార్చబడిన బస్సులలో రిజిస్ట్రేషన్ వివరాలకూ, యంత్రంపై ఉన్న నంబర్లకూ తేడా కనిపిస్తుంది. ఇంజిను మార్పు రిజిస్ట్రేషన్‌లో నమోదు కాకపోయి ఉంటే ముందుగా దానిని రవాణా కార్యాలయంలో క్రమబద్ధం చేసుకోవాలి.

ఉద్గార ప్రమాణం మరొక ముఖ్యమైన ఆధారం. దేశమంతటా బి.ఎస్.-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుంచి, బి.ఎస్.-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు కాలపు బి.ఎస్.-3 బస్సులలో యాంత్రిక పంపు ఉన్నవి, ఎలక్ట్రానిక్ నియంత్రణతో కూడిన కామన్ రైల్ పద్ధతి ఉన్నవి రెండూ కనిపిస్తాయి. మొదటి రకానికి మాన్యువల్, కొలత పరికరాలు సరిపోతాయి. రెండవ రకానికి వీటితో పాటు లోపాల సంకేతాల పట్టిక, స్కానర్ కూడా అవసరమవుతాయి.

ఏ పత్రం దేనికి

మాన్యువల్ అన్న ఒకే మాటతో నాలుగైదు వేర్వేరు ప్రచురణలను వ్యవహరించడం వల్ల గందరగోళం ఏర్పడుతున్నది.

- ఓనర్స్ మాన్యువల్: బస్సుతో పాటు ఇచ్చే చిన్న పుస్తకం. ఆయిల్ రకాలు, పరిమాణాలు, టైర్లలో గాలి పీడనం, ఎన్ని కిలోమీటర్లకు ఏ సర్వీసు చేయించాలి అన్న పట్టిక ఇందులో ఉంటాయి.
- వర్క్‌షాప్ మాన్యువల్: యూనిట్లను విప్పడం, బిగించడం, అరుగుదల పరిమితులు, బిగింపు ప్రమాణాలు, సర్దుబాట్లు తెలిపే సాంకేతిక గ్రంథం. మరమ్మతుకు అసలు ఆధారం ఇదే.
- విడిభాగాల క్యాటలాగు: ప్రతి భాగం బొమ్మ, నంబరు, వాటి అమరిక క్రమం. మాన్యువల్ దొరకని సందర్భంలో ఏ భాగం తరువాత ఏ భాగం బిగించాలో ఈ బొమ్మల ద్వారా తెలుస్తుంది.
- వైరింగ్ చిత్రం: తీగల రంగులు, ఫ్యూజుల సామర్థ్యం, కనెక్షన్ల వివరాలు.
- సర్వీసు సర్క్యులర్లు: మాన్యువల్ వెలువడిన తరువాత కంపెనీ డీలర్లకు పంపిన సవరణలు. పాత బస్సుల విషయంలో వీటిని కూడా అడగడం మంచిది.

మారిన పేర్లు

గడచిన మూడు దశాబ్దాలలో పలు కంపెనీల పేర్లు, యాజమాన్యాలు మారాయి. పాత పుస్తకం పాత పేరుతోనే ఉంటుంది. విడిభాగం మాత్రం కొత్త పేరుతో దొరుకుతుంది. ఈ రెండింటినీ కలిపి చూడగలిగితే వెదకడం సులువవుతుంది.

- టెల్కో 2003లో టాటా మోటార్స్‌గా మారింది.
- స్వరాజ్ మాజ్డా 2011లో ఎస్.ఎం.ఎల్. ఇసుజుగా మారింది. 2025లో మహీంద్రా సంస్థ అధీనంలోకి వచ్చింది.
- ఐషర్ వాణిజ్య వాహనాల విభాగం 2008 నుంచి వోల్వోతో ఏర్పడిన ఉమ్మడి సంస్థలో భాగమైనది.
- జహీరాబాద్‌లో తేలికపాటి వాణిజ్య వాహనాలు తయారు చేసిన ఆల్విన్ నిస్సాన్ తరువాత మహీంద్రా చేతికి వచ్చింది.
- డీజిల్ పంపులు, నాజిళ్ల తయారీలో పేరొందిన మైకో 2008లో బాష్‌గా మారింది.
- ఎయిర్ బ్రేకు పరికరాలలో సుందరం క్లేటన్ పేరుతో వచ్చిన భాగాలు తరువాత వాబ్కో పేరుతోను, ప్రస్తుతం జడ్.ఎఫ్. పేరుతోను లభిస్తున్నాయి.

ఎక్కడ సంప్రదించాలి

మొదటి స్థానం అధీకృత డీలరు సర్వీసు విభాగం. చాసిస్ నంబరుతో సహా లిఖితపూర్వకంగా కోరితే విడిభాగాల జాబితా, సర్దుబాటు ప్రమాణాలు పొందే అవకాశం మెరుగుపడుతుంది. డీలరు వద్ద లేనప్పుడు కంపెనీ ప్రాంతీయ సర్వీసు కార్యాలయానికి అదే లేఖను పంపవచ్చు. పుస్తకం మొత్తం లభించని పక్షంలో బ్రేకులు, స్టీరింగు, ఇరుసులకు సంబంధించిన అధ్యాయాలనైనా ప్రత్యేకించి కోరాలి.

రెండవ స్థానం యూనిట్ల తయారీదారులు. పంపు, నాజిల్, సెల్ఫ్, ఆల్టర్నేటరు, ఎయిర్ బ్రేకు వాల్వులు, పవర్ స్టీరింగు వంటివి చాసిస్ కంపెనీ స్వయంగా తయారు చేసినవి కాకపోవచ్చు. వాటి తయారీదారుల అధీకృత సర్వీసు కేంద్రాలు ప్రధాన పట్టణాలలో ఉన్నాయి. పంపు రేకుపై ఉన్న నంబరు చెబితే దానిని టెస్ట్ బెంచిపై ఏ ప్రమాణాలకు సర్దాలో వారి వద్ద పట్టిక ఉంటుంది. దీనికీ పొగ పరీక్షకూ నేరుగా సంబంధమున్నది. బి.ఎస్.-4కు ముందు డీజిల్ వాహనాలకు పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బి.ఎస్.-4 వాహనాలకు 50 యూనిట్లు. పంపును అంచనాగా సర్దితే ఈ పరీక్షలో వాహనం తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉన్నది.

మూడవ స్థానం ప్రజా రవాణా, శిక్షణ సంస్థలు. ఆర్టీసీ డిపోలు, జోనల్ వర్క్‌షాపులు దశాబ్దాలుగా అశోక్ లేలాండ్, టాటా చాసిస్‌లపై పనిచేశాయి. ఆ వర్క్‌షాపులలో పనిచేసి పదవీ విరమణ చేసిన మెకానిక్‌ల సలహా విలువైనది. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో మెకానిక్ డీజిల్, మెకానిక్ మోటారు వెహికిల్ కోర్సులు నడుస్తున్నాయి. ఈ కోర్సులకు చెన్నైలోని జాతీయ బోధనా మాధ్యమ సంస్థ రూపొందించిన పాఠ్య గ్రంథాలు మరమ్మతు పద్ధతులను క్రమంగా వివరిస్తాయి. నిర్దిష్ట మోడల్ కొలతలకు మాత్రం ఇవి ప్రత్యామ్నాయం కావు.

బాడీ వివరాలు

బాడీని వేరుగా కట్టించిన బస్సుకు రిజిస్ట్రేషన్ సమయంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని ఫారం 22-ఎ సమర్పించవలసి ఉంటుంది. ఇందులో ఒక భాగాన్ని చాసిస్ తయారీదారు, మరొక భాగాన్ని బాడీ బిల్డరు ధ్రువీకరిస్తారు. బాడీ కట్టిన సంస్థ ఏదో తెలియని పక్షంలో యాజమాన్యం తన రిజిస్ట్రేషన్ దస్త్రంలోని ఈ ఫారం నకలు కోసం రవాణా కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆ సంస్థ మూతబడి ఉంటే ప్రమాణాల పత్రాలే ఆధారం. బస్సు బాడీ నిర్మాణానికి ఎ.ఐ.ఎస్.-052, పాఠశాల బస్సుల ప్రత్యేక అవసరాలకు ఎ.ఐ.ఎస్.-063 అనే ప్రమాణాలు రూపొందాయి. వీటిని పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా తన వెబ్‌సైట్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచింది. పాత బస్సు బాడీని బాగుచేయించేటప్పుడు అత్యవసర ద్వారం, మెట్లు, సీట్ల అమరిక విషయంలో ఇవి మార్గదర్శకంగా ఉపయోగపడతాయి.

మరమ్మతు సమాచారంపై హక్కు

విడిభాగాలు, మరమ్మతు మాన్యువళ్లు స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేయడం పోటీకి విఘాతమని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల కేసులో అభిప్రాయపడింది. ఈ ఉత్తర్వు కార్ల విపణికి సంబంధించినది. దీనిపై కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. అనంతరం 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించి, అందులో ఆటోమొబైల్ రంగాన్ని కూడా చేర్చింది.

ప్రభుత్వ సంస్థల వద్ద ఉన్న పత్రాలకు సమాచార హక్కు చట్టం, 2005 వర్తిస్తుంది. అయితే వాణిజ్య రహస్యాలు, కాపీరైట్‌తో ముడిపడిన పత్రాల విషయంలో ఆ చట్టంలోని 8, 9 సెక్షన్ల మినహాయింపులు ఉన్నాయని గమనించాలి.

తీసుకోవలసిన జాగ్రత్తలు

జపాన్ కంపెనీల సాంకేతిక సహకారంతో తయారైన పాత మినీ బస్సులకు విదేశీ మాన్యువళ్ల నకళ్లు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి. ఇంజిను లోపలి కొలతలు కలిసినప్పటికీ ఇక్కడి బస్సుల స్ప్రింగు పట్టీలు, యాక్సిళ్లు, బ్రేకులు, విద్యుత్ వ్యవస్థ వేరుగా ఉండవచ్చు. నంబర్లు సరిపోల్చకుండా ఆ కొలతలను బ్రేకులకు, స్టీరింగుకు వర్తింపజేయరాదు.

బ్రేకు ద్రవం విషయంలోనూ మాన్యువల్ నిర్దేశించిన రకాన్నే వాడాలి. హైడ్రాలిక్ బ్రేకులలో ఇంజిన్ ఆయిల్ వంటి ఖనిజ నూనె కలిస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకులు విఫలమయ్యే ప్రమాదమున్నది.

వేగ నియంత్రికకు సంబంధించి 2015 ఏప్రిల్ 15 నాటి సవరణ పాఠశాల బస్సుల గరిష్ఠ వేగాన్ని గంటకు 60 కిలోమీటర్లుగా నిర్దేశించింది. ఇంజిను, పంపు పనుల సమయంలో ఈ పరికరాన్ని విప్పినట్లయితే తిరిగి బిగించి, సీలు వేయించిన తరువాతనే బస్సును రోడ్డు మీదకు పంపాలి.

ప్రతి బస్సుకు ఒక దస్త్రం

సేకరించిన సమాచారం డ్రైవరు వద్దనో, మెకానిక్ షెడ్డులోనో ఉండిపోతే మరుసటి వేసవికి మళ్లీ మొదటికే వస్తుంది. కనుక ప్రతి బస్సుకు వేరుగా ఒక దస్త్రం తెరిచి గుర్తింపు నంబర్ల పట్టిక, మాన్యువల్ ప్రతి లేదా ముఖ్య పుటల నకళ్లు, మార్చిన భాగాల నంబర్లు, బిల్లులు, తేదీ, ఓడోమీటర్ రీడింగు, పని చేసిన మెకానిక్ సంతకం అందులో భద్రపరచాలి. నిబంధన 62లో ఫిట్‌నెస్ తనిఖీ అంశాలు వరుసగా ఇవ్వబడ్డాయి. బ్రేకులు, స్టీరింగు, లైట్లు, వైపర్, హారన్, అద్దాలు మొదలైన ఆ అంశాలను అదే వరుసలో దస్త్రంలో రాసుకుంటే తనిఖీకి సిద్ధం కావడం తేలికవుతుంది. బస్సును విక్రయించినపుడు ఈ దస్త్రాన్ని కొనుగోలుదారుకు అప్పగించడం ఉత్తమం.

ఈ పనికి అనువైన కాలం మే నెల కాదు. డీలరుకు, యూనిట్ల తయారీదారులకు లేఖలు జనవరి, ఫిబ్రవరి మాసాలలోనే పంపితే సమాధానాలు, విడిభాగాలు వేసవి సెలవులకు ముందే చేతికి అందుతాయి.

మాన్యువల్ లభించినంత మాత్రాన ప్రతి పాత బస్సూ వాడకానికి యోగ్యం కాదు. 15 సంవత్సరాలు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరణకు నోచుకోదు. ప్రైవేటు విద్యాసంస్థలు కూడా తమ బస్సులకు వర్తించే వయోపరిమితిని పరిశీలించిన తరువాతనే మరమ్మతుపై వ్యయం చేయడం సమంజసం. బ్రేకులకు, స్టీరింగుకు, యాక్సిళ్లకు నమ్మదగిన ప్రమాణాలు ఏ మార్గంలోనూ లభించని బస్సును విద్యార్థుల రవాణా నుంచి తప్పించడమే యాజమాన్యాలు తీసుకోవలసిన నిర్ణయం.